ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, ఆవిడది హనుమకొండలో: కాపురం ఎక్కడ పెట్టాలి?

భార్యాభర్తల ఉద్యోగాలు వేర్వేరు ఊళ్లలో పడ్డాయని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: "మధ్యలో ఏదో ఒక ఊళ్లో ఇల్లు తీసుకోండి, ఇద్దరికీ సమానంగా ఉంటుంది." వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ దూరం సమానంగా పంచుకున్నంత మాత్రాన శ్రమ సమానం కాదు. మధ్య ఊళ్లో ఇల్లు తీసుకుని ఇద్దరూ అలిసిపోయి, ఏడాది తిరక్కుండానే సామాను మళ్లీ లారీకి ఎక్కించే జంటలు చాలామంది ఉన్నారు. ఇల్లు వెతకడం మొదలుపెట్టే ముందే కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవాల్సిన లెక్క ఇది.

తెలంగాణలో ఈ సమస్య 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 తర్వాత బాగా పెరిగింది. ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఎన్నో జంటలు చెరో జిల్లాకు వెళ్లాయి. ఆంధ్రలో బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, నర్సులు ఎప్పటినుంచో పడుతున్న అవస్థే ఇది. ఇక ఒకరిది సాఫ్ట్‌వేర్, ఇంకొకరిది జిల్లాలో ప్రభుత్వోద్యోగం అయితే చెప్పనే అక్కర్లేదు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఆయనకు రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు వెళ్లాలి, మిగతా రెండు రోజులు ఇంటి నుంచే పని. ఆవిడ హనుమకొండలో ప్రభుత్వ హైస్కూలు టీచర్. రెండో శనివారం పోను వారానికి ఆరు రోజులూ బడి. ఐదేళ్ల పాప ఉంది.

మొదటి అడుగు: ఎవరి వేళలు వంగవో చూడండి

జీతం ఎవరిది ఎక్కువ అన్న దగ్గర మాట మొదలైతే చర్చ దారి తప్పుతుంది. ముందు అడగాల్సింది: ఆలస్యమైతే ఎవరికి ఎక్కువ నష్టం? టీచరుకు ప్రార్థన సమయానికి బడిలో ఉండి తీరాలి. మొబైల్లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చాక పది నిమిషాల ఆలస్యం కూడా నమోదైపోతుంది. నర్సుకు షిఫ్టు మారే వేళ, బ్యాంకు క్యాషియర్‌కు కౌంటర్ తెరిచే వేళ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పదింటి మీటింగ్‌ను అవసరమైతే రైల్లోంచి ఫోన్లో వినగలడు. సాయంత్రం నాలుగింటికి లేచి, మిగిలిన పని రాత్రి ఇంట్లో పూర్తి చేయగలడు.

వేళలు వంగని వాళ్ల పని చోటుకు ఇల్లు దగ్గరగా ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే ఈ నియమానికి ఇంకా బలం. నేను ఏ జంటకైనా మొదట చెప్పేది ఇదే.

రెండో అడుగు: కిలోమీటర్లు కాదు, గుమ్మం నుంచి సీటు దాకా గంటలు రాయండి

మ్యాప్‌లో చూస్తే జనగామ చక్కగా మధ్యలో కనిపిస్తుంది. హైదరాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్లు, అటు హనుమకొండకు 55 దాకా. "ఇంకేం, జనగామే" అనిపిస్తుంది.

ఇప్పుడు ఆయన ప్రయాణాన్ని దగ్గరగా చూడండి. ఇంటి నుంచి బస్టాండుకు పది నిమిషాలు. బస్సు కోసం పావుగంట. స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి దాటి వచ్చే బస్సు జనగామకు చేరేసరికే నిండిపోయి ఉంటే, ఆలేరు దాకానో భువనగిరి దాకానో నిలబడాలి. ఘట్‌కేసర్ దాటాక నారపల్లి, బోడుప్పల్, ఉప్పల్ ట్రాఫిక్. జనగామ నుంచి ఉప్పల్ క్రాస్‌రోడ్స్ చేరేసరికి గంటన్నర పైమాటే. అక్కడ బస్సు దిగి, మెట్రో మెట్లెక్కి, బ్యాగు స్కానింగ్ లైన్లో నిలబడి, నీలిరంగు లైను రైలెక్కితే ఆ చివరనుండే రాయదుర్గం చేరడానికి ఇంచుమించు గంట. అక్కడి నుంచి ఆఫీసుకు షటిలో, షేర్ ఆటోనో, నడకో ఇంకో పావుగంట. మొత్తం మూడు గంటలు దాటింది. ఇది ఒకవైపే.

ఆవిడకు అదే జనగామ నుంచి గంటా పావు. మ్యాప్‌లో మధ్యలో ఉన్న ఊరు గడియారంలో మధ్యలో లేదు. పెద్ద నగరంలో పనిచేసే వాళ్లకు ఊరి పొలిమేర దగ్గర ప్రయాణం సగమే అవుతుంది. నగరం లోపలి గంట, గంటన్నర ఎవరూ లెక్కలో వేయరు.

మీ రెండు ప్రయాణాలకూ ఇలాగే వరస రాయండి: ఇంటి నుంచి బస్టాండు లేదా స్టేషన్, ఎదురుచూపు, ప్రధాన ప్రయాణం, దిగాక సిటీ లోపల, చివరి నడక. మామూలు రోజుకొక అంకె, వానపడ్డ సోమవారానికొక అంకె. నిర్ణయానికి రెండో అంకెనే వాడండి.

మూడో అడుగు: మూడు ఊళ్లకు వారం లెక్క వేయండి

రోజు లెక్క మోసం చేస్తుంది. ఒకరు మూడు రోజులు, ఒకరు ఆరు రోజులు తిరిగేటప్పుడు వారం మొత్తం చూడాలి. మన ఉదాహరణలో ఇలా వస్తుంది:

- జనగామలో ఉంటే: ఆయనకు రోజూ ఆరు గంటల చొప్పున మూడు రోజులకు 18 గంటలు. ఆవిడకు రెండున్నర చొప్పున ఆరు రోజులకు 15. మొత్తం 33.
- ఉప్పల్ వైపు ఉంటే: ఆయనకు రెండున్నర చొప్పున ఏడున్నర. ఆవిడకు రానుపోను ఆరు గంటల చొప్పున 36. మొత్తం 43న్నర. ఆరు రోజులూ ఇలా తిరగడం ఏ మనిషికీ కుదిరే పని కాదు.
- హనుమకొండలో ఉంటే: ఆవిడకు వారం మొత్తానికి నాలుగు గంటలు. ఆయన మూడు రోజులూ ఇంటికి వచ్చిపోతే ఏడేసి గంటల చొప్పున 21. మొత్తం 25.
- హనుమకొండలోనే ఉండి, ఆయన మంగళవారం తెల్లవారుజామున వెళ్లి, రెండు రాత్రులు ఆఫీసు దగ్గర హాస్టల్లో పడుకుని, గురువారం రాత్రికి తిరిగొస్తే: ఆయనకు ఎనిమిది, ఆవిడకు నాలుగు. మొత్తం 12.

33 ఎక్కడ, 12 ఎక్కడ! మిగిలిన 21 గంటలంటే దాదాపు మూడు పూర్తి పనిదినాలు. అది ప్రతి వారం.

అలాగని మధ్య ఊరు ఎప్పుడూ తప్పేనని కాదు. ఒకరిది గుంటూరు, ఒకరిది ఏలూరు అయితే విజయవాడలో ఉండటం మంచి నిర్ణయం. గుంటూరు రైలు మార్గంలో సుమారు 32 కిలోమీటర్లు, ఏలూరు 60. విజయవాడ పెద్ద జంక్షన్ కాబట్టి ఒక రైలు తప్పిపోతే ఇంకో రైలో, బస్సో దొరుకుతుంది. ఆసుపత్రులు, బడులు, కాలేజీలు అక్కడే ఉన్నాయి. మధ్యలో ఉన్న ఊరు తనంతట తానుగా ఉండదగ్గ ఊరై ఉండాలి. దారిలో ఉందన్న ఒక్క కారణంతో ఏ ఊరినీ ఎంచుకోకండి.

నాలుగో అడుగు: బడి నుంచి ఫోన్ వస్తే గంటలోపు ఎవరు చేరతారు?

పిల్లలున్న వాళ్లు గంటల లెక్క కన్నా ముందు చూడాల్సిన విషయం ఇది. పదకొండింటికి బడి నుంచి ఫోన్: "పాపకు జ్వరం, వాంతులు. వచ్చి తీసుకెళ్లండి." జనగామలో కాపురం ఉంటే ఆ సమయానికి తల్లి హనుమకొండ క్లాసులో, తండ్రి రాయదుర్గంలో. ఇద్దరిలో ఎవరూ గంటలోపు రాలేరు. మధ్య ఊరి అసలు ప్రమాదం ఇదే. ఇద్దరూ పిల్లకు దూరమైపోతారు.

ఇద్దరిలో ఒకరైనా గంటలోపు చేరగలగాలి. అది ఏ విధంగానూ కుదరకపోతే ఆ ఊళ్లో అమ్మమ్మో, నానమ్మో, నమ్మకమైన పిన్నో ఉండాలి. "పక్కింటి వాళ్లు చూసుకుంటారులే" అన్న మాట మీద ఇల్లు తీసుకోవద్దు. అత్తగారి ఊరా, పుట్టింటి ఊరా అన్న పంతానికి పోకుండా, పెద్దవాళ్లలో ఎవరి ఆరోగ్యం బాగుంది, ఎవరు మనస్ఫూర్తిగా చూసుకుంటారు అన్నది అడిగి తెలుసుకోండి. వాళ్లకు చేతకాని రోజు కూడా ఉంటుంది. ఆ రోజుకూ ఒక ఏర్పాటు రాసి పెట్టుకోండి.

ఐదో అడుగు: రైలు, బస్సు నిజం తెలుసుకోండి

హనుమకొండ పక్కనే ఉన్న పెద్ద స్టేషన్ కాజీపేట. "కాజీపేట మీదుగా బోలెడు రైళ్లు" అని అందరూ అంటారు. నిజమే. శాతవాహన, గోల్కొండ, కృష్ణా అన్నీ ఆ దారిలోనే నడుస్తాయి. కానీ మీకు కావాల్సింది బోలెడు రైళ్లు కాదు. పొద్దున్న ఆఫీసు వేళకు చేర్చేది ఒకటి, అది తప్పిపోతే ఇంకొకటి, సాయంత్రం పని అయ్యాక దొరికేవి రెండు. ఈ నాలుగూ లేకపోతే మిగతా రైళ్లు ఎన్ని ఉన్నా మీకు లేనట్టే. టైమ్‌టేబుల్ చూసి ఊరుకోకుండా, రైళ్ల రాకపోకలు చూపించే యాప్‌లో ఆ నాలుగు రైళ్లూ రోజూ నిజంగా ఎన్నింటికి చేరుతున్నాయో రెండు వారాలు గమనించండి.

రైల్వే సీజన్ టికెట్ మామూలుగా 150 కిలోమీటర్ల లోపు దూరానికే ఇస్తారు. సికింద్రాబాద్-కాజీపేట 132 కిలోమీటర్లు కాబట్టి దొరుకుతుంది. ఇల్లు ఇంకాస్త అవతల తీసుకుంటే ఆ సౌకర్యం పోవచ్చు, ముందే చూసుకోండి. సీజన్ టికెట్ జనరల్ బోగీకి. రిజర్వేషన్ బోగీలో ఎక్కితే జరిమానా పడుతుంది. సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనపు చార్జీ కట్టాలి. వందేభారత్‌లో అసలు చెల్లదు, పైగా సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ ఆగేది వరంగల్‌లో, కాజీపేటలో కాదు. వారానికి ఒక్కసారే వెళ్లొచ్చే వాళ్లకు సీజన్ టికెట్ కన్నా ముందుగా రిజర్వ్ చేసుకున్న సీటే మేలు.

బస్సుల విషయానికొస్తే, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అలాంటి పథకమే వచ్చింది. రోజూ తిరిగే ఉద్యోగినికి ఇది నెలకు వేల రూపాయల ఆదా. ఖర్చు తగ్గినంత మాత్రాన దూరం తగ్గదన్నది గుర్తుంచుకోండి. రద్దీ కూడా పెరిగింది. గంటసేపు నిలబడి వెళ్లి, ఆపైన రోజంతా నిలబడి పాఠం చెప్పాల్సిన టీచరుకు సీటు దొరకడం టికెట్ ధర కన్నా ముఖ్యం. కాబట్టి బస్సు బయలుదేరే ఊళ్లోనే ఇల్లుంటే మంచిది.

సొంత కారు అనుకునేవాళ్లు పెట్రోలుతో పాటు జాతీయ రహదారి మీద బీబీనగర్ దగ్గరి గూడూరు టోల్, రఘునాథపల్లి దగ్గరి కోమళ్ల టోల్ కూడా లెక్కలో వేసుకోవాలి. అంతకన్నా పెద్ద విషయం, రాత్రి పది గంటలకు నిద్రమత్తులో హైవే మీద బండి నడపడం. వారానికి ఒకసారి సరే. రోజూ అయితే నేను వద్దంటాను.

ఈ దారికే ప్రత్యేకమైన రోజులు కొన్ని ఉన్నాయి. ఆదివారాలు యాదగిరిగుట్ట రద్దీ. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర, అప్పుడు బస్సులన్నీ అటే మళ్లుతాయి. సంక్రాంతి, దసరా ముందు రోజులు. ఇవన్నీ ఇంటి నుంచి పని చేసే రోజులుగా ముందే అడిగి పెట్టుకోవాలి.

ఆరో అడుగు: రెండో మంచం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోండి

వారంలో రెండు రాత్రులు ఒకరు బయట ఉండటం గంటల లెక్కలో గెలిచింది. కానీ ఆ రెండు రాత్రులూ ఇంట్లో ఉన్న మనిషి ఒంటరిగా పిల్లను చూసుకోవాలి, హోంవర్క్ చేయించాలి, వంట చేయాలి, పొద్దున్నే లేచి బడికి పరుగెత్తాలి. మన ఇళ్లలో ఆ మనిషి సాధారణంగా భార్యే అవుతుంది. "నువ్వు ఊళ్లోనే ఉన్నావుగా, నీకేం" అన్న మాట ఇంట్లోకి వచ్చిన రోజున ఏర్పాటు చెడిపోతుంది. భర్త ఇంట్లో ఉండే రోజుల్లో ఏ పనులు పూర్తిగా ఆయనవో ముందే పేర్లు పెట్టి పంచుకోండి: శుక్ర, సోమవారాల వంట, పాపను బడిలో దింపడం, ఆదివారం కూరగాయలు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పేరెంట్స్ మీటింగ్. "సాయం చేస్తాను" అనడం వేరు, "ఇది నా పని" అనడం వేరు.

మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల పీజీ హాస్టళ్లు చాలా ఉన్నాయి. నెలకు ఎనిమిది, తొమ్మిది రాత్రులే ఉంటానని చెబితే కొన్నిచోట్ల రోజువారీ రేటుకూ ఇస్తారు. ఇంకో దారి, అదే పరిస్థితిలో ఉన్న సహోద్యోగితో కలిసి ఒక గది తీసుకుని రోజులు పంచుకోవడం. చుట్టాలింట్లో ఉండటం మొదటి నెల బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. ఈ గది అద్దె, తిండి ఖర్చు ఇంటి ఖర్చులో భాగమే. దాన్ని ఆయన సొంత ఖర్చుగా రాసుకుంటే గొడవలు మొదలవుతాయి.

ఏడో అడుగు: ఊరు తేలాక వీధి

ఊరు హనుమకొండ అని తేలితే, హనుమకొండలో ఎక్కడ? ఆయన ఎక్కేది కాజీపేటలో, ఆవిడ బడి ఇంకెక్కడో. నిట్ వైపు, ఫాతిమానగర్ చుట్టుపక్కల తీసుకుంటే స్టేషన్ దగ్గర. బడి అక్కడికి ఇరవై నిమిషాల్లో ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. తెల్లవారుజామున స్టేషన్‌కు ఆటో దొరుకుతుందా, రాత్రి పదిన్నరకు రైలు దిగి ఇంటికి నడిచొచ్చే దారిలో వీధి లైట్లున్నాయా అన్నది ఆ వేళకే వెళ్లి చూడండి. మధ్యాహ్నం బ్రోకర్ చూపించే వీధి, రాత్రి వీధి ఒకటి కావు. ఇంటి నుంచి పనిచేసే మనిషి ఉన్నాడు కాబట్టి ఫైబర్ ఇంటర్నెట్, కరెంటు కోతల సంగతి ఇంటి ఓనర్ను కాకుండా పై అంతస్తులో అద్దెకున్న వాళ్లను అడగండి.

ఎనిమిదో అడుగు: ఉద్యోగాన్నే దగ్గరికి తెచ్చుకోగలమా?

ఇల్లు జరపడం ఒక్కటే దారి కాదు. ఆయన కంపెనీకి తూర్పు వైపు ఆఫీసు ఉందేమో కనుక్కోవాలి. ఘట్‌కేసర్ దగ్గర పోచారంలో ఇన్ఫోసిస్ పెద్ద క్యాంపస్ ఉంది, ఉప్పల్‌లోనూ ఐటీ కంపెనీలున్నాయి. రాయదుర్గం నుంచి పోచారానికి సీటు మారితే నగరం లోపలి గంటన్నర మొత్తం మాయమై, లెక్క తిరగబడుతుంది. వరంగల్ పక్కనే మడికొండ ఐటీ పార్కులో 2020 నుంచి కొన్ని కంపెనీలు పనిచేస్తున్నాయి.

ఆవిడ వైపు ఉన్న దారి స్పౌజ్ బదిలీ, అంటే భర్త పనిచేసే చోటికి దగ్గరగా బదిలీ అడగడం. టీచర్ల బదిలీల్లో స్పౌజ్ కేటగిరీకి అదనపు పాయింట్లుంటాయి. కేంద్ర ప్రభుత్వోద్యోగులైతే భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకే చోట ఉంచాలన్న మార్గదర్శకాలు 1986లో వచ్చి, 2009లో మళ్లీ సవరించారు. అయితే ఇది హక్కు కాదు, వీలునుబట్టి ఇచ్చేదేనని కోర్టులు చెప్పాయి. దరఖాస్తు తప్పకుండా పెట్టండి, కానీ "బదిలీ వచ్చేస్తుంది" అన్న ఆశ మీద ఇల్లు ఎంచుకోకండి.

తొమ్మిదో అడుగు: కొనొద్దు, అద్దెకు ఉండండి

కనీసం మొదటి రెండేళ్లు. ఆయన ఆఫీసు రేపు వారానికి ఐదు రోజులూ రమ్మంటే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. ఆవిడకు బదిలీ వచ్చినా అంతే. మామూలు 11 నెలల అగ్రిమెంటు చాలు. ఖాళీ చేయడానికి ఒక నెల నోటీసు సరిపోతుందని, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులో రాయించండి. ప్రభుత్వోద్యోగికి ఇంటద్దె అలవెన్స్ పనిచేసే చోటును బట్టి వస్తుంది కాబట్టి చిన్న ఊళ్లో ఉన్నంత మాత్రాన అది తగ్గదు. ఆదాయపు పన్నులో అద్దె మినహాయింపు మాత్రం పాత పద్ధతి ఎంచుకున్న వాళ్లకే ఉంటుంది. కొత్త పద్ధతిలో లేదు.

సంతకం పెట్టే ముందు ఒక వారం నిజంగా నడిచి చూడండి. సెలవు పెట్టి ఆ ఊళ్లో లాడ్జిలోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉండి, సోమవారం నుంచి శనివారం దాకా ఇద్దరూ అదే వేళకు అదే బస్సు, అదే రైలు ఎక్కి దిగండి. గురువారం సాయంత్రానికి మీ ఒళ్లే జవాబు చెబుతుంది.

పదో అడుగు: రెండు ఊళ్లూ రెండు రాష్ట్రాల్లో ఉంటే

ఒకరిది ఖమ్మం, ఒకరిది విజయవాడ అయితే మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. ఉచిత బస్సు ఆ రాష్ట్రం వరకే. అవతలి రాష్ట్రంలో బండిని ఏడాదికి మించి ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఇవి చిన్న విషయాలు. పెద్దది పిల్లల లోకల్ స్టేటస్.

రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లపాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణలో వైద్య విద్య సీట్లకు లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. రాష్ట్రం బయట పనిచేసిన ప్రభుత్వోద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. ఆంధ్రలోనూ వరసగా నాలుగేళ్ల చదువునే చూస్తారు. ఇక తెలంగాణ ప్రభుత్వోద్యోగాలకు జిల్లా స్థానికత తేల్చేటప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నది అడుగుతారు. అంటే పాప ఐదేళ్ల వయసులో మీరు తీసుకునే ఇల్లు, ఆమె ఉద్యోగ దరఖాస్తు దాకా వెంట వస్తుంది.

కాబట్టి సరిహద్దు జంటలు పిల్లల చదువు ఏ రాష్ట్రంలో సాగాలో ముందు తేల్చుకుని, ఆ రాష్ట్రంలోనే ఇల్లు తీసుకోవాలి. తొమ్మిదో తరగతి మొదలయ్యాక ఇంటర్ అయ్యేదాకా సరిహద్దు దాటకూడదు. బడి మారిన ప్రతిసారీ టీసీతో పాటు ఏ తరగతి ఏ ఏడాది చదివిందో రాసిన స్టడీ సర్టిఫికెట్ కూడా ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపుతో అప్పుడే తీసుకోండి. పదేళ్ల తర్వాత ఆ ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే, ఆ కాగితం కోసం మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.